గడ్డం నురగలో తెల్ల దొర

దయ్యాల గురించి నాతో వాదానికి దిగి గెలిచినవాళ్లు లేరు. గొప్ప కోసం చెప్పడం లేదు, చిన్న వయసు నుంచి నేర్చిన విద్య అది. చేతబడి జరిగిందని వణికిపోతున్న ఊళ్లకు వెళ్లి, నిమ్మకాయలోంచి నెత్తురు ఎలా కారుతుందో జనం ముందు కోసి చూపించినదాన్ని. శ్మశానంలో కూర్చుని సద్దిమూట విప్పి తిన్నదాన్ని. “ఏదో ఉందమ్మా” అన్నవాళ్లను “ఆ ఏదో ఏమిటో చెప్పు” అని నిలదీసినదాన్ని. ఆ అభిప్రాయం ఈ రోజుకూ మారలేదు. అయినా ఇది రాస్తున్నాను, ఎందుకంటే జరిగింది జరగలేదని అనడం కూడా మూఢత్వమే.

నేను ఉండేది జనగామలో. తమ్ముడు రమేశ్ మహబూబాబాద్‌లో ఉంటాడు. అమ్మ వాడి దగ్గరే. మేం ఆమెను అవ్వ అని పిలుస్తాం. మేం పెరిగింది మాత్రం భూపాలపల్లిలో, గని కార్మికుల క్వార్టర్లలో. తమ్ముడికి ఇంకా అక్షరాలు రాకముందే మా బాపు, అంటే నాన్న సాంబయ్య, కామెర్లతో పోయాడు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం తమ్ముడింట్లో ఉన్నాం. బయట ఎండ పాలలా తెల్లగా పరుచుకుని ఉంది. కూలర్ హోరులో అందరికీ సగం నిద్ర. మాట ఎటు నుంచో పాత టీవీ ప్రకటనల మీదికి మళ్లింది. ఆ రోజుల్లో కొన్ని ప్రకటనల్లో విదేశీయులు కనిపించేవాళ్లు. వాళ్ల దేశంలో పేరున్నవాళ్లే అయ్యుంటారు, మాకు మాత్రం ఎవరో తెలియదు. సబ్బు పట్టుకుని నీళ్లలోంచి లేచే ఒక ఈతగత్తె. సైకిల్ టైరును ముద్దు పెట్టుకునే ఒక బట్టతలాయన. చీమలు పాకుతున్నట్టుండే నలుపు తెలుపు తెర మీదికి కలలో మనుషుల్లా వచ్చి, నవ్వి, పోయేవాళ్లు.

వాళ్లలో గడ్డం క్రీముకు వచ్చే తెల్ల దొర ఒకడు. చెంపల నిండా నురగతో అద్దం ముందు నిలబడి, తువ్వాలను ఎడమ భుజం మీదికి విసిరి, పక్కనున్న పిల్లవాడి ముక్కుకు చుక్క నురగ అంటించి, ఒక కన్ను మూసి “హొప్లా!” అనేవాడు. అతనెవరన్నది మా క్వార్టర్ల లైనులో తెగని పంచాయితీ. కుస్తీ పహిల్వానని కొందరు, చంద్రుడి మీదికి పోయొచ్చినవాడని కొందరు. “చంద్రుని మీద నీళ్లే లెవ్వంటిరి, మరి గడ్డమెట్ల గీసుకున్నడే?” అని ఇంకొందరు.

“బాపు గూడ గట్లనే చేసేటోడు గదక్కా,” అన్నాడు తమ్ముడు కళ్లు మూసుకునే. “టీవీల దొర లెక్క. నా ముక్కుకు నురగ వెట్టేటోడు. సల్లగుండేది.”

నాకూ గుర్తుంది. గనిలో వారపు సెలవును ప్లేడే అంటారు. ఆ రోజు మగవాళ్లంతా క్వార్టర్ల ముందు స్టూళ్లు వేసుకుని వరుసగా గడ్డాలు గీసుకునేవాళ్లు. బాపుకు అద్దం పట్టేది నేనే. ఎంత రుద్ది కడిగినా బొగ్గు పొడి కనురెప్పల అంచున నిలిచిపోయేది, కాటుక పెట్టినట్టు. తెల్లటి నురగ, అందులో ఆ కాటుక కళ్లు. తువ్వాల ఎడమ భుజం మీదికి ఎగిరేది. హొప్లా!

అవ్వ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల ఎత్తకుండానే అంది, “బాపు పోయినంక గదరా మనింట్ల టీవీ వచ్చింది.”

కూలర్ చప్పుడు ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపించింది. నిజమే. టీవీ ముందు బాపు కూర్చున్న జ్ఞాపకం ఎంత వెతికినా నాకు ఒక్కటీ దొరకలేదు.

వెంటనే వివరించడం మొదలుపెట్టాను. జ్ఞాపకం ఫొటో కాదు, మనం చెప్పుకున్నప్పుడల్లా కొత్తగా అల్లుకునే బట్ట. తండ్రి లేని పిల్లలు తెర మీద నవ్విన మనిషిని తెచ్చి తండ్రి స్టూలు మీద కూర్చోబెట్టుకున్నారు. ఒకరికొకరు చెప్పుకుని నిజం చేసుకున్నారు. అంతే.

తమ్ముడు లేచి కూర్చున్నాడు. “నిన్ను బాపు బడికి తోల్కపోయింది నీకు యాదికున్నది. కొట్టింది యాదికున్నది. నాకు గిదొక్కటే ఉన్నదక్కా. గిది గూడ గుంజుకుంటవా?”

అబద్ధమైతే వాడికి ఖాయం చేసి చెప్పాల్సింది నేనే. అందుకే ముందు రుజువు చూడాలనుకున్నాను.

పాత ప్రకటనలు పోగుచేసి ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్ల దగ్గర ఆ వీడియో దొరికింది. అదే తువ్వాల, అదే చుక్క నురగ, అదే మాట. అతనెవరో వీడియో కింద వ్యాఖ్యలు రాసినవాళ్లలో ఎవరికీ తెలియదు. అక్కడున్న వివరాలను బట్టి ఆ క్రీము బజారులోకి వచ్చిందే బాపు పోయిన తర్వాత. అంటే బాపు ఏ హోటల్లోనో ఆ ప్రకటన చూసి వచ్చి ఉంటాడన్న దారి కూడా మూసుకుపోయింది. తమ్ముడి జ్ఞాపకం ఓడిపోయినట్టే.

ఒక్క సాక్షి మిగిలాడు. మా పక్క క్వార్టరు రాజలింగం. బాబాయి వరస, కాక అని పిలుస్తాం, బాపుతో ఒకే షిఫ్టులో గనిలోకి దిగినవాడు. రిటైరై భూపాలపల్లిలోనే ఇల్లు కట్టుకున్నాడు. నేను వెళ్లేసరికి పగటి నిద్ర లేచి చాయ తాగుతున్నాడు. దూరంగా ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి కిటికీ రెక్కలు మెల్లగా వణికాయి. నా మాటలు ఆయన నోట పెట్టకూడదని దొర సంగతి, గడ్డం సంగతి ఎత్తనే లేదు. లైనులోకి టీవీ ఎప్పుడొచ్చిందని మాత్రమే అడిగాను.

“ఫస్టు టీవీ మాదే బిడ్డా. మీ బాపు పోయినంక తెచ్చిన. పాపం, సాంబయ్య సూడలే.” చాయ గ్లాసు కింద పెట్టి తనంతట తానే నవ్వాడు. “ఓ ముచ్చట జెప్త, నువ్వైతె నమ్మవు. ఓ దినం గడ్డం గీసుకునే తెల్ల దొర వచ్చిండు టీవీల. తువ్వాల గట్ల ఇసిరి, పిలగాని ముక్కుకు నురగ వెట్టి, హొప్లా అన్నడు. మేమందరం లేసి నిలవడ్డం. ‘అరే, వీడేందిర, మన సాంబయ్య లెక్క జేస్తున్నడు!’ అన్నం.”

బాపు అలా చేయడం టీవీ రాకముందేనా అని అడిగాను.

“ప్రతి ప్లేడేకు గదే ఆట. ఎవలు నేర్పిండ్రయ్యా అంటె, ‘నాకే వచ్చింది’ అనేటోడు.”

మహబూబాబాద్ వెళ్లి తమ్ముడికి చెప్పాను. “నీ యాది అబద్ధం గాదురా. బాపు చేసేటోడు. దొరనే తర్వాత వచ్చిండు.”

“అదెట్ల?”

“తెల్వదు.”

వాడు నా ముఖం వైపు చూసి ఫోన్ బయటికి తీశాడు. “ఏమన్నవ్? జర మళ్ల అనవా అక్కా, రికార్డు చేసుకుంట.” నవ్వుతూనే ముంజేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

“నాకెరుకే,” అంది అవ్వ.

“మరి ఆ రోజే చెప్పొచ్చు గదనే?”

“నువ్వు అడిగినవా? టీవీ ఎప్పుడొచ్చిందో చెప్పిన, అంతల్నే నువ్వు ఉపన్యాసం షురూ చేస్తివి. రాజలింగమోళ్లింట్ల ఆ దొరను సూసినంకనే నేను టీవీ కొన్న. లేకపోతె నాకెందుకా డబ్బ?”

కాకతాళీయం అనే మాట నాకు తెలుసు. ఎంతోమందికి ఆ మాటే జవాబుగా ఇచ్చాను. పిల్లల ముక్కుకు నురగ అంటించని తండ్రి ఏ దేశంలో ఉంటాడు? తువ్వాలనూ అలాగే సరిపెట్టుకోగలను. ‘హొప్లా’ అన్న మాట దగ్గరే ఆగిపోతాను. రాజలింగం కాక జ్ఞాపకమూ కలగాపులగం కావచ్చు. కానీ అవ్వ మాత్రం అప్పుడే ఆ దొరలో బాపును చూసి టీవీ కొని ఇంట్లో పెట్టింది. దయ్యాలు లేవు. ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం నా ఫోన్‌లో ఆ ప్రకటన అవ్వకు చూపించాను. ముఖానికి దగ్గరగా పట్టుకుని చూసింది. మళ్లీ పెట్టమని ఇంకోసారి చూసింది. ఫోన్ తిరిగి ఇచ్చేస్తూ అంది, “వీడేం జేసిండు. మీ బాపే మంచిగ జేసేటోడు.”