టైపిస్టు అక్కయ్య తల ఊపని రోజు

ఆఫీసులో అందరికీ ఆవిడ టైపిస్టు అక్కయ్య. ముడిలో పెన్సిలు, ముక్కు మీదికి జారే కళ్లజోడు, ఎవరేం చెప్పినా గంగిరెద్దులా ఊగే తల. ఇన్నేళ్లుగా ఒప్పంద పత్రాలు టైపు చేస్తోందే గాని, వాటిలో ఏముందో పట్టించుకున్నది లేదు. ఈమధ్య ఉద్యోగులకు సాయంత్రాలు వ్యాపార చట్టం నేర్పుతున్నారంటే వెళ్లి చేరింది. ఒకరు అడగాలి, ఇంకొకరు ఒప్పుకోవాలి, అప్పుడే ఒప్పందం అన్నది మొదటి పాఠం. దాన్ని ఇంట్లోనే ప్రయోగించింది. "రేపు మా అక్కావాళ్లు భోజనానికొస్తున్నారు" అని భర్త అంటే, "ఇది అడగడమా, చెప్పడమా?" అంది. ఆయన తెల్లమొహం వేసి, ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాడు.

సోమవారం సమావేశంలో మేనేజరు, వచ్చే నెల నుంచి అక్కయ్య రాత్రి ఎనిమిది దాకా ఉండాలన్నాడు. అంటే క్లాసుకు నీళ్లొదులుకోవడమే. ఎవరూ మాట్లాడలేదు. "మౌనం అర్ధాంగీకారం. మిగతా సగం మనం కలుపుకుందాం. అందరూ ఒప్పుకున్నారని రాసేయండి" అన్నాడాయన, ఎప్పటిలాగే. ఆ వాక్యం టైపు చేసేది ఎప్పుడూ ఆవిడే. తల అలవాటుగా ఊగబోయింది. గడ్డం కింద చెయ్యి పెట్టి ఆపుకుంది.

"మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదండి. మొన్న క్లాసులో చెప్పారు. నేనింకా ఒప్పుకోలేదు."

మేనేజరు ఆవిడ వైపు తిరిగాడు. "సరే, మరి మీరేమంటారు?"

ఆ గదిలో ఆ ప్రశ్న ఆవిణ్ణి ఎవరూ ఎన్నడూ అడగలేదు. ముడిలోంచి పెన్సిలు తీసింది, మళ్లీ దోపుకుంది. "చెబుతానండి, ఒక్క నిమిషం" అంది.

అందరూ ఆగారు.