హోబర్ట్ చెప్పిన రెండు

హోబర్ట్ స్లోన్ ముప్పై ఒక్క ఏళ్ళు కెంటకీ బొగ్గు గనుల్లో పైకప్పు కూలకుండా బోల్టులు బిగించాడు. ఆ బొగ్గు దుమ్మంతా ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. ఈ మంగళవారం పొద్దున ఆయన కోపం వంటింటి బల్లమీది టాబ్లెట్ మీద విరుచుకుపడింది.

"నాకు బాగైపోయిందా? ఎవడు చెప్పాడు?"

"మీరే చెప్పారు, హోబర్ట్ గారూ," అంది తెరమీద ఫిజియోథెరపిస్టు మెరెడిత్. మొదటివారం క్లినిక్కులో ఎదురుగా ఉండి వ్యాయామం చేయించింది. ఆ తరవాతంతా తెరమీదే. "ఆయాసం సున్నా నుంచి పది దాకా ఎంత అంటే రోజూ రెండే అన్నారు. వరసగా రెండు వారాలు అదే అంకె వస్తే బాగైనట్టు లెక్కగట్టి ఈ వ్యాయామాలు ఆపెయ్యాలని రూలు. మీ చోటుకోసం చాలామంది కాచుక్కూచున్నారు."

ఆ చోటు పోతే ఆయనకు మిగిలేది కుర్చీ. ఈ ఐదు వారాల్లోనే స్నానాలగది దాకా ఆగకుండా నడవగలుగుతున్నాడు.

"గనిలో ఫోర్‌మన్‌కు చెప్పిన అబద్ధమే నీకూ చెప్పాడమ్మాయ్," అంది మొక్కజొన్న రొట్టె కోస్తున్న ఆయన భార్య ఓపల్. "అక్కడ ఆయాసమన్నవాడికి మర్నాడు పని ఉండేది కాదు."

"నోర్ముయ్యవే!"

"నేను మూసుకుంటాలే, నీ ఛాతీ మూసుకోదుగా. పగలూ రాత్రీ ఈలలే."

హోబర్ట్ తెరకేసి వేలు చూపించాడు. "కప్పు గట్టిదో కాదో సలాకతో కొట్టి, చప్పుడు విని తేల్చేవాణ్ణి. ఎలా ఉన్నావని రాయినడిగి బోల్టు బిగించలేదు. నువ్వు అడిగి రాసేసుకున్నావు!"

"ఇందులోంచి మీ ఛాతీ వినపడదండీ."

"కళ్ళున్నాయిగా, చూడు!"

వెనక తలుపు తోసుకుని బయటికి నడిచాడు. ఓపల్ టాబ్లెట్ ఎత్తి పట్టుకుంది. ఉన్నవి నాలుగు చెక్క మెట్లు. ఒకసారి దిగి ఎక్కాడు. రెండోసారి కమ్మీ పట్టుకుని ఆగిపోయాడు. పెదాలు నీలంగా మారాయి.

"కూర్చోండి! పెదాలు బిగించి మెల్లగా ఊదండి. ఇప్పుడెంత?"

మాట రాలేదు. రెండు చేతులూ పైకెత్తి వేళ్ళన్నీ చాపాడు.

"ఎనిమిదా?"

"ఎనిమిదేంటి నీ మొహం!" అరిచింది ఓపల్. "రెండు వేళ్ళు బోల్టు యంత్రం ఎప్పుడో తినేసింది. ఉన్నవన్నీ చూపిస్తున్నాడు!"

మెరెడిత్ అంకె రాసుకుంది. "ఆపటంలేదు. రేపు క్లినిక్కుకు రండి, నా ఎదురుగా నడిపిస్తాను."

ఊపిరి అందాక హోబర్ట్ అడిగాడు. "పది అని రాశావా?"

"రాశాను."

"మొదటివారం నీ ఎదురుగానే నడిచాను కదా. అప్పుడేం చూశావు?"

"కాగితమే చూశానండీ. మిమ్మల్ని చూసుండాల్సింది."

హోబర్ట్ ఫరవాలేదనలేదు.