టకటక మాస్టారి తప్పులు

“ఈయన చేతిలో పడితే మా పిల్ల ఈసారీ ఫెయిలే!”

ఆ తల్లి భయం అది. ఆమెది నీళ్ళు పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. రోజంతా చుక్క తేడా రాకుండా కొలిచి కొలిచి, సాయంత్రానికి ఒంట్లో ఓపిక అడుగంటేది. ఎనిమిదో తరగతి కూతురు కంప్యూటర్ పరీక్ష తప్పి, కీబోర్డు ముట్టుకోవడమే మానేసింది. ట్యూషన్‌కి పంపితే దొరికింది టకటక మాస్టారు.

మాస్టారు జన్మలో ఒక్క ప్రోగ్రామూ తప్పు లేకుండా రాయలేదని పేరు. ఆయన ప్రోగ్రాములన్నీ కంప్యూటర్ చేత డోలు వాయించేవే. పోయిన వారం డోలుని ఆగమని రాయడం మరిచారు. పక్కకొట్టు దర్జీ వచ్చి ప్లగ్గు పీకేదాకా అది మోగుతూనే ఉంది.

ఆవేళ తల్లి ట్యూషన్ వరండా బెంచీ మీద చెప్పులు విడిచి కూలబడింది. లోపల డోలు ఎనిమిది దెబ్బలకు ఏడే కొట్టి కుంటింది. పిల్లలు గొల్లుమన్నారు.

“అయ్యో నా తెలివి మండిపోనూ! ఎక్కడర్రా తప్పు?”

“సున్నాతో మొదలెట్టి ఆరు దగ్గరే ఆపేశారు మాస్టారూ!” ఆ అరుపు తన కూతురిదే.

“పదకొండేళ్ళుగా ఇదే పొరపాటు! నువ్వే దిద్దు తల్లీ.”

క్లాసు వదిలాక ఆమె లోపలికి వెళ్ళింది. మాస్టారు హెడ్‌ఫోన్లు తుడుచుకుంటున్నారు.

“ఎనిమిది దాకా లెక్కపెట్టడం రానివారు పాఠాలెలా చెబుతారండీ? రేపట్నుంచి పిల్లని పంపను.”

బల్ల మీద నోటుపుస్తకం తెరిచి ఉంది. అందులో ఆ రోజు తేదీ కింద: ‘ఏడు దెబ్బలు. కిటికీ పక్క పిల్ల నిన్న చేసిన తప్పు. కంప్యూటర్ కట్టేసి ఏడ్చింది.’ పైన, పోయిన వారం తేదీ కింద: ‘ఆగని డోలు. వెనకబెంచీ పొడుగోడు.’

కిటికీ పక్కన కూర్చునేది తన కూతురే.

మాస్టారు గబుక్కున పుస్తకం మూశారు. “పిల్లలకు చెప్పకండమ్మా. తప్పు నాదంటే నవ్వుతూ దిద్దేస్తారు. తమదంటే బిగుసుకుపోతారు.”

ఆమె బల్లకు దగ్గరగా జరిగింది. “మరి మీరు నిజంగా తప్పు చెయ్యరా?”

“మొన్న చేశానుగా! తప్పు పెట్టడం మరిచిపోయా. డోలు సరిగ్గా మోగింది. మాస్టారికి జ్వరమేమోనని పిల్లలు బెంగపడ్డారు.”

ఆమె నవ్వి పర్సు భుజాన వేసుకుంది. “ఇంట్లో దానితో నేనేం మాట్లాడను మాస్టారూ? మార్కులడిగితే తలుపేసుకుంటుంది.”

“ముందు మీ తప్పొకటి చెప్పండమ్మా. తర్వాత దాని తప్పు అడగండి.”

ఇప్పుడు రోజూ అన్నం ముందు కూర్చోగానే ఆమే మొదలుపెడుతుంది. “ఇవాళ ఒక సీసా చీటీ ఇంకో సీసాకి అంటించానే.”

“అంతేనా అమ్మా?” అంటుంది కూతురు, కంచం దగ్గరికి లాక్కుంటూ. “నాది విను.”