ఇంటూ గుర్తు వేసిన ట్యాంకు

ఉదయం తొమ్మిది గంటలు. ఏప్రిల్ నెల, గాలి లేదు, అప్పటికే రేకుల కింద నిలబడలేనంత ఎండ. ఆళ్లగడ్డలో నంద్యాల రోడ్డు పక్కనున్న ఆదినారాయణ లారీ రిపేరు షెడ్డుకు కృపావరం మొదటిసారి వచ్చినప్పుడు, ముందురోజు మధ్యాహ్నం నుంచి అతని కడుపులో ఏమీ పడలేదు. అది డెబ్బై ఆరో సంవత్సరం. నేను ఆ షెడ్డులో బరువులు మోసి, టైర్లు విప్పే కూలీని. నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ణి.

"ఏం పని తెలుసప్పా నీకు?" అని అడిగాడు ఆదినారాయణ.

"తుప్పు తీస్తా. ట్యాంకుల్లో."

"అదేం పెద్ద పనా? సుబ్బరాయుడు గూడా తీస్తాడు." సుబ్బరాయుడంటే నేను.

"తీస్తాడు. నెలకే మళ్లా పడ్తాది. నేను తీస్తే పడదు."

ఆదినారాయణ నవ్వాడు. మనిషి వాలకం చూసి, ముందు ఏమన్నా తినమని హోటలు వైపు చెయ్యి చూపించాడు. కృపావరం కదల్లేదు. "పని చూసినంక పెట్టప్పా," అన్నాడు.

ఆ రోజు షెడ్డులో అహోబిలానికి జనాన్ని తోలే జీపు ఒకటి ఆగి ఉంది. అడవిలో ఎత్తు ఎక్కేచోట మూడుసార్లు నిలిచిపోయిందట. ట్యాంకులో తుప్పు పొరలు పొరలుగా రాలి, పెట్రోలు పైపుకు అడ్డం పడుతోంది. కృపావరం ట్యాంకు దించి, మూతి ఎండకు పెట్టి లోపలికి ఒంటికన్నుతో చూశాడు. రోడ్డు పక్కన కుప్ప పోసిన కంకరలో వక్కలంత రాళ్లు ఏరి రెండు దోసిళ్లు లోపల పోశాడు. పాత సైకిల్ చైను ముక్క వేశాడు. కొంచెం కిరసనాయిలు పోసి, మూతికి గుడ్డ బిగించి, గోనెసంచి మీద కూర్చుని ట్యాంకును ఒళ్లో పెట్టుకుని ఊపడం మొదలుపెట్టాడు.

రెండు గంటలు ఊపాడు. మేమైతే పావుగంట ఊపి వదిలేసేవాళ్లం. అతను మధ్యలో ఆపి చెవి పెట్టి వినేవాడు. తుప్పు ఉంటే రాళ్లు గరగరమంటాయి, ఇనుము బయటపడితే గలగలమంటాయి. వంచితే ఎర్రటి బురద వచ్చింది. తర్వాత చింతపండు కాచిన నీళ్లు నింపి మర్నాటి దాకా ఉంచాడు. మళ్లీ ఊపి, చాకలి సోడా కలిపిన వేడినీళ్లతో రెండుసార్లు కడిగి, ఎండబెట్టి, లోపలంతా తడిసేలా ఇంజనాయిలు తిప్పి వంచేశాడు. ఆ జీపు మళ్లీ అందుకోసం మా దగ్గరికి రాలేదు.

అలా ఐదేళ్లు మాతో ఉన్నాడు. భార్య ఎస్తేరు కొత్తపల్లెలో కూలికి పోయేది. ఇతను వారానికోసారి ఊరికి పోయి, ఆదివారం ప్రార్థన చూసుకుని సోమవారం మొదటి బస్సుకు వచ్చేవాడు. మాటలు తక్కువ. వేళ్ల సందుల్లో తుప్పు ఎరుపు ఎప్పటికీ పోయేది కాదు. గోరింటాకు పెట్టుకున్నాడని హోటలు కమలమ్మ ఎగతాళి చేసేది.

"యాడప్పా పెండ్లి?" అనేది.

"ట్యాంకుతో అయిపోయిందిలేమ్మా," అనేవాడు.

అతనికి ఒక భయం ఉండేది. మా దగ్గరికి రాకముందు నంద్యాలలో ఒక షెడ్డులో పనిచేశాడు. అక్కడ సరిగా కడగని ట్యాంకుకు వెల్డింగు మంట పెట్టి ఒక మనిషి ఇతని కళ్లముందే కాలిపోయాడు. తుప్పు తీశాక ట్యాంకుకు చిల్లులు బయటపడతాయి. అంతవరకూ ఆ తుప్పే వాటిని మూసి ఉంచుతుంది. చిల్లు పడ్డాక గ్యాసు వెల్డింగు తప్పదు. లోపల పెట్రోలు చుక్క లేకపోయినా దాని ఆవిరి చాలు, పేలడానికి. అందుకే కృపావరం తన చేతిమీదుగా వెళ్లే ప్రతి ట్యాంకుకూ తనే జవాబుదారీ అనుకునేవాడు. "నా చేతిలోంచి పోయిన ట్యాంకుతో ఒగడు గూడా కాలకూడదు, సుబ్బరాయుడూ. అంతే నాకు కావాల్సింది," అన్నాడు ఒకసారి, అడక్కుండానే.

చదువు రాదు కాబట్టి సుద్దముక్కతో గుర్తు వేసేవాడు. సోడా నీళ్లతో కడగడం అయిపోయి, మంట పెట్టొచ్చు అన్నదాని మీద సిలువ. ఒక గీత నిలువు, ఒకటి అడ్డం. పెట్రోలు ఇంకా పోలేదు, మంటతో దగ్గరికి రావద్దు అన్నదాని మీద ఇంటూ. మా వెల్డరు నరసింహులు మొదట్లో నవ్వాడు. కొన్నాళ్లకు ఆ గుర్తును ఎంత నమ్మాడంటే, అతికే ముందు, లోపల ఆవిరి మిగలకుండా ట్యాంకులో నీళ్లు నింపుకోవడం కూడా మానేశాడు. "కృపావరం సిలువ ఏసినాడంటే అయ్యవారు సంతకం పెట్టినట్టే," అనేవాడు. ఆ మాట విన్న రోజు కృపావరం మధ్యాహ్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఎనభై ఒకటిలో బనగానపల్లె నుంచి ఒక పాతకాలపు పెట్రోలు లారీ వచ్చింది. మామిడికాయల లోడు ఎత్తే కాలం, ఓనరు తొందర పెడుతున్నాడు. దాని ట్యాంకు పీపాలాగా గుండ్రంగా ఉంది. అంతవరకూ మాకు వచ్చినవన్నీ మూలలున్న ట్యాంకులే, ఎలా పెట్టినా ఏది పైనో ఏది కిందో తెలిసేది. దీనికి మూతి ఒక మొహం నడుమ ఉంది. రెండో మొహం పళ్లెంలాగా బోడిగా ఉంది. కృపావరం తుప్పు తీసి, చివరగా పెట్రోలుతో జాడించి, సోడా కడుగుడు మర్నాటికి ఉంచాడు. మర్నాడు గుడ్ ఫ్రైడే.

ఆ ఉదయం చర్చికి పోతూ తెల్లచొక్కాతో షెడ్డుకు వచ్చాడు. ట్యాంకు బోడి మొహం మీద ఇంటూ వేసి నాకు చూపించాడు.

"సుబ్బరాయుడూ, ఇంటూ ఏసినా. నేను వచ్చిందాకా ముట్టొద్దండి."

"పోయి రాన్నా. ఎవురు ముడ్తారు?"

అది బయట ఎండలో పడి ఉంది. పన్నెండయ్యేసరికి దానిమీద చెయ్యి పెట్టలేకపోయాం. పెట్రోలు వాసన వస్తోంది. ఎండలో ఉంటే ప్రమాదమని నాకు తోచింది. మంచి పనే అనుకుని దాన్ని వేపచెట్టు నీడకు దొర్లించాను. కదలకుండా కింద రాయి పెట్టి అన్నానికి పోయాను. మొహం మీది గుర్తు ఎటు తిరిగిందో చూడలేదు. దొర్లిన ట్యాంకు మీద ఏటవాలు గీతలు నిలువూ అడ్డమూ అయ్యాయి.

లారీ ఓనరు పోరు పడలేక నరసింహులు గ్యాసు వెల్డింగు టార్చి తీసుకుని నీడకు వెళ్లాడు. సిలువ చూశాడు. నేను కమలమ్మ హోటల్లో మజ్జిగన్నం కలుపుతుండగా చప్పుడు వినిపించింది. పరుగెత్తి వచ్చేసరికి ట్యాంకు బోడి మొహం ఊడి రోడ్డు అవతల పడి ఉంది. నరసింహులు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అరవలేదు. "నీళ్లు పొయ్యండప్పా," అని మాత్రం అన్నాడు. జీపులో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు.

కృపావరం నాలుగు గంటలకు వచ్చాడు, ఉపవాసంతోనే. ఆదినారాయణ ఊడిపడిన రేకు ముక్క తెచ్చి అతని కాళ్ల ముందు వేశాడు.

"పండగ యావలో ఏ గుర్తు ఏసినావో సూసుకున్నావా? నీ సిలువను నమ్మినందుకు వాని కన్ను పాయ."

కృపావరం ఆ రేకును తీసుకుని కొంచెం కొంచెంగా తిప్పాడు. గీతలు ఇంటూ అయ్యాయి. ఇంకొంచెం తిప్పాడు, సిలువ అయ్యాయి. తర్వాత నేల చూశాడు. ఎండలో ట్యాంకు పడి ఉన్న చోటు నుంచి వేపచెట్టు దాకా దుమ్ములో దొర్లిన చార ఉంది. పక్కనే నా చెప్పుల అచ్చులు. నా వైపు చూశాడు. నేను దొర్లించానని చెప్పడానికి నోరు తెరిచాను. నాకు ఇద్దరు పిల్లలు, ఈ పని తప్ప ఇంకోటి లేదు. నోరు మూసుకున్నాను. అతను రేకును కింద పెట్టాడు, అంతే.

ఆదినారాయణ అతణ్ణి తీసెయ్యలేదు. గుర్తులు మాత్రం వేయొద్దన్నాడు. కొత్త వెల్డరు ఆనందరావు, కృపావరం కడిగిన ట్యాంకును మళ్లీ తన చేత్తో కడుక్కుని నీళ్లు నింపి అతికేవాడు. మంట పెట్టేటప్పుడు కృపావరం పక్కన వచ్చి నిలబడేవాడు. "పోప్పా అవతలికి, నువ్వుంటే నాకు పని సాగదు," అని ఆనందరావు తోలేవాడు. ఒకసారి నేనే దగ్గరికి పోయి, "అన్నా, ఆ పొద్దు..." అన్నాను.

"ఆదినారాయణకు చెప్తావా?" అన్నాడు.

నేను వంగి పక్కనున్న టైరు నట్లు విప్పడం మొదలుపెట్టాను.

"అయితే నాకెందుకు చెప్తావ్? నాకు తెలుసు గదా."

జూన్‌లో ఒక ఉదయం నరసింహులు షెడ్డుకు వచ్చాడు. ఎడమ కంటికి గుడ్డ, మెడ మీద చర్మం ముడుచుకుపోయి మెరుస్తోంది. అందరం బెంచీ మీద చోటిచ్చాం. టీ తాగుతూ అన్నీ మాట్లాడాడు. కృపావరం కొంచెం దూరంలో ట్రాక్టరు ట్యాంకు ఊపుతున్నాడు.

"ఏందప్పా కృపావరం, పలకవు?" అన్నాడు నరసింహులు. "నీ మీద నాకు కోపం లేదులే. పండగపూట మనసు యాడో ఉంటాది. ఒగ గీత అట్ల కాకుండా ఇట్ల పడింటాది. ఎవురికైనా అయితాది."

క్షమించే మాటే అది. ఊపడం ఆగిపోయింది. కృపావరం నరసింహులును చూడలేదు, నన్ను చూశాడు. ఆదినారాయణ అక్కడే ఉన్నాడు, అందరూ ఉన్నారు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం మళ్లీ రాదని నాకు తెలుసు. నేను ఖాళీ గ్లాసులు ఏరుకుని కమలమ్మ హోటలుకు పోయాను.

మధ్యాహ్నం దాకా అక్కడే ఉండిపోయి తిరిగి వచ్చేసరికి ట్యాంకు ఊపడం అయిపోయింది. రాళ్లు, చైను ముక్క కడిగి గోనెసంచి మీద ఆరబెట్టి ఉన్నాయి. ట్యాంకు రెండుసార్లు సోడా నీళ్లతో కడిగి బోర్లించి ఉంది. కృపావరం కిరసనాయిలుతో చేతులు రుద్దుకుని, నీళ్లతో కడుక్కుని, కొయ్యకు తగిలించిన చొక్కా వేసుకున్నాడు. అన్నానికి పోతున్నాడనుకున్నారు. ఆదినారాయణతో చెప్పలేదు. నరసింహులుతో చెప్పలేదు. నా పక్కనుంచే పోయాడు. రోడ్డు మీదికి వెళ్లి చెయ్యెత్తి నంద్యాల బస్సు ఆపి ఎక్కాడు. మళ్లీ ఆ షెడ్డుకు రాలేదు.