సీటొక్కటి తప్ప అన్ని చూసినం

ఓయ్, ఫోన్ ఎందుకు ఎత్తుతలెవ్వు, మెసేజ్‌లు ఎందుకు చూస్తలెవ్వు అని అందరు అడుగుతున్రు కదా. చెప్త. కానీ మొత్తం సదివినంక ఎవ్వలు నవ్వే బొమ్మలు పెట్టద్దు. రమ్యా, నీకే చెప్పేది.

మా ఇంటి ముంగట కొత్త పికప్ బండి ఉన్నది. దాన్ని ఇంటికి తెచ్చింది ఎవలో కాదు, నేనే. బాపు నన్ను ఒక్క మాట గూడ తిట్టలే. మంచిగనే మాట్లాడుతుండు. గదే నాకు భయమైతుంది.

మొదటి నుంచి చెప్త. నడుమ అడ్డం రాకుర్రి, నాకు అసలే ఏడుపొస్తుంది.

మా బాపు సంగతి తెల్సు కదా. మిరుదొడ్డి దిక్కు ఊర్లల్ల తరకారి ఎత్తి సిద్దిపేట మార్కెట్ల ఏస్తడు. ఇన్నేండ్లు ట్రాలీ ఆటోనే నడిపిండు. మనిషేమో తాటిచెట్టంత పొడుగు. ఆ ఆటోల కూసుంటే మోకాళ్ళు చెవుల కాడికి వస్తయ్. ఎండాకాలం నుంచి ఆ మోకాళ్ళు వాసుడు షురూ అయినయ్. దవాఖాన్ల డాక్టర్ సీదా చెప్పిండు. "పెద్దమనిషీ, గీ ఆటోను ఇంక నడిపితే కట్టె పట్టుకోని నడుస్తవ్. కాళ్ళు సాపుకునే బండన్న తీస్కో, లేకుంటే ఈ ధంద బంద్ చెయ్యి."

ధంద బంద్ చేస్తే మేం తినేదేంది? గందుకే పికప్ తీస్కుందామని డిసైడ్ అయినం.

బాపు నన్ను పిలిచి అన్నడు, "నువ్వు సదువుకున్నదానివి, నాతోని రా బిడ్డ. అన్ని నువ్వే సూడు. నాకైతే కాళ్ళు సాపుకునే జాగ ఉంటే సాలు."

ఇన్నారా? కాళ్ళు సాపుకునే జాగ. ఒక్కటే అడిగిండు మనిషి. నేను ఇన్న. తలకాయ గూడ ఊపిన. ఇంక గంతే, మర్శిపోయిన.

ఎందుకంటే అప్పటికే నేను ఎక్స్‌పర్ట్ అయిపోయిన. తెలంగాణ సమ్మెల కాలేజీలు బంద్ కదా. పొద్దంత నెట్ సెంటర్ల కూసోని బండ్ల రివ్యూలు సదివిన. నేను ఊకె సదువుతనా, కంఠస్థం చేసిన. బిల్డ్ క్వాలిటీ అంటే ఏందో, అతుకుల కాడ పానెల్ గ్యాప్ అంటే ఏందో, హార్డ్ ప్లాస్టిక్ ఏది సాఫ్ట్ టచ్ ఏది, తలుపు ఏస్తే ఎట్ల సప్పుడు రావాలె, అంత వచ్చు నాకు. ఇంటర్ ఫిజిక్స్ గింత మంచిగ సదివుంటే స్టేట్ ఫస్ట్ వస్తుంటి.

పోయినం. మొదలు మెదక్ రోడ్డు మీదున్న షోరూంకు. ఒక పెద్దమనిషి, కండ్లద్దాల అంకుల్, బండి తలుపు తీసిండు. బాపు ఎక్కి కూసున్నడు. సీటు వెనకకు జరిపిండు, కాళ్ళు సాపిండు, కండ్లు మూసుకున్నడు. "మంచం మీద ఒరిగినట్టే ఉన్నది" అన్నడు.

గాడనే ఆగితే అయిపోతుండె. బండి ఇంటికొస్తుండె. నేను ఈ టైముకు మీతోని క్యారమ్స్ ఆడుతుంటి.

నేను డాష్‌బోర్డు మీద ఏలితోని కొట్టి చూసిన. టక్ టక్. "బాపూ, ఇది బకెట్ ప్లాస్టిక్" అన్న.

అంకుల్ నవ్విండు. "తరకారి బండి తల్లీ. పెండ్లి కారు గాదు."

"అంకుల్, పానెల్ గ్యాప్ చూసిన్రా? నా గోరు పోతుంది ఇందుల."

"గోరు ఎందుకు పెడ్తవమ్మా అందుల?"

"తలుపు సప్పుడు ఇనుర్రి. రేకుడబ్బ లెక్కనే. గేర్ రాడ్ సూడుర్రి, ఊగుతుంది. సన్ వైజర్ చూడు బాపూ, అట్టముక్క."

అంకుల్ బాపు దిక్కు చూసిండు. బాపు మొకంల ఎంత ఖుషీ అంటే చెప్పలేను. ఈ బండి నచ్చలేదని కాదు. బిడ్డ ఇంగ్లీషుల ఇన్ని మాట్లాడుతుందని. "మా బిడ్డ నెట్ల మొత్తం సదివింది సార్" అని ఆయనకు చెప్పి మెల్లగ సీట్లకెల్లి దిగిండు. దిగేటప్పుడు ఆ సీటును ఒకసారి చేత్తోని నిమిరిండు. గది నాకు ఇప్పుడు యాదికొస్తుంది. అప్పుడు నేను పానెల్ గ్యాప్‌ల ఉన్న.

రెండోది హైదరాబాద్ రోడ్డు మీది షోరూం. గాడ ఇమ్రాన్ అన్న అని సేల్స్‌మన్ ఉన్నడు. తెల్లంగ నవ్వుతడు, అందర్ని మేడమ్ అంటడు. నన్ను గూడ మేడమ్ అన్నడు. సగం ఆడనే పడిపోయిన.

మిగిలిన సగం డాష్‌బోర్డు చూసి పడిపోయిన. క్రీం కలర్. నడుమ సిల్వర్ గీత. ఏలు పెట్టి ఒత్తితే లోపటికి మునిగింది. సాఫ్ట్ టచ్. రివ్యూలల్ల సదివిందే, ఫస్ట్ టైం చేత్తోని ముట్టిన. తలుపు ఏస్తే ధబ్ మని నిండుగ సప్పుడు. గ్యాప్‌ల గోరు పోతలేదు. సీట్ల కుట్లు గూడ చూసిన, ఒక్క దారం బయటికి లేదు.

సీటు కుట్లు చూసిన. సీటు చూడలే.

బాపు బయటి నుంచి తొంగి చూసి అన్నడు, "జర ఇరుకున్నట్టు లేదా బిడ్డ?"

"కింద లివర్ ఉన్నది కదా బాపూ. లాగితే వెనకకు పోతది. అన్ని బండ్లకు ఉంటది."

ఇమ్రాన్ అన్న ఏదో చెప్పబోయిండు. నేను చెయ్యి చూపించిన. "నాకు తెల్సన్నా."

నాకు తెల్సట.

ఇగ టెస్ట్ డ్రైవ్. బాపు స్టీరింగ్ కాడ, నేను నడుమ, ఇమ్రాన్ అన్న కిటికీ కాడ. షోరూం దాటి రోడ్డెక్కంగనే బాపు మొకం మారింది. ఎడమ మోకాలు డాష్‌బోర్డు కింద ఇరికింది, కుడి మోకాలు తలుపుకు తాకుతుంది. క్లచ్ తొక్కుతుంటే ప్రతిసారి "స్స్" అంటుండు.

"బిడ్డ, ఆ లివర్ ఏదే?"

నేను వంగి లాగిన. సీటు కదలలే. గట్టిగ లాగిన. సీటు ముందుకు పైకి లేచింది. నడుస్తున్న బండిల బాపు సీటుతోపాటు లేచిండు. తలకాయ పైన తాకింది, బండి అట్ల ఇట్ల ఊగింది. ఎనక వచ్చే లారీవాడు ఏం తిట్టిండో నేను ఇక్కడ టైప్ చెయ్య.

ఇమ్రాన్ అన్న చాలా మెల్లగ అన్నడు, "అది సీటు జరపనీకి కాదు మేడమ్. లేపనీకి. కింద ఇంజన్ ఉంటది. ఈ బండిల సీటు జరగదు. గదే చెప్దామనుకున్న."

బాపు బండి పక్కకు ఆపిండు. మోకాలు రుద్దుకున్నడు. కోపం లేదు, ఏం లేదు. "మంచి బండే. కానీ నేను పట్టుతలేను. వద్దు బిడ్డ, మెదక్ రోడ్డుదే తీస్కుందాం" అన్నడు. ఇమ్రాన్ అన్న గూడ "ఫరవాలేదన్నా, మీ ఇష్టం" అన్నడు. బండి తిప్పినం. వాపస్ పోతున్నం.

చూసిన్రా? అంత మంచిగనే అయిపోయింది. తప్పు తెల్సింది, డిసిషన్ అయింది, బండి వాపస్ పోతుంది. ఇగ నేను నోరు మూసుకోని కూసుంటే సాలు. ఒక్క పది నిమిషాలు.

రోడ్డు మీద సమ్మెవాళ్ళ వంటావార్పు. మేం పోయేటప్పుడు లేకుండె, వచ్చేవరకు నడి రోడ్డు మీద పొయ్యిలు పెట్టిన్రు. పెద్ద గంజులల్ల కిచిడి ఉడుకుతుంది, ఒక దిక్కు డప్పులు, ఒక దిక్కు జై తెలంగాణ. బండ్లన్ని ఆగినయ్. మా బండి అందరికంటె ముంగట, అదీ అద్దం లెక్క మెరుస్తుంది.

గంజు కాడ గరిటె పట్టుకోని ఎవలున్నరు? స్రవంతి. మన క్లాస్ స్రవంతే. పక్కన వాళ్ళ నాయనమ్మ. మా బాపు ఆటోల నన్ను కాలేజీ కాడ దించినప్పుడల్లా "వంకాయలు దిగినయే" అని అందరికి ఇనపడేటట్టు అంటది చూడు, గా స్రవంతి.

కిటికీ కాడికి వచ్చింది. బండిని పై నుంచి కింద దాంక చూసింది. "కిరాయికి తెచ్చుకున్నరా?" అన్నది.

నా నోరు నాకంటె ముంగట ఉరుకుతదని మీకు తెల్సు.

"కిరాయి ఎందుకే? మాదే. కొత్తది. ఇప్పుడే షోరూంల నుంచి ఎల్లింది."

బాపు నా దిక్కు చూసిండు. ఇమ్రాన్ అన్న గూడ నా దిక్కు చూసిండు. కానీ ఇద్దరు చూసింది ఒక్క తీరు కాదు.

నాయనమ్మ ఇన్నది. "ఏందీ, కొత్త బండా? ఇంక బొట్టు పెట్టలేదా? మంచి శకునమే పిల్లా, మన పొయ్యి కాడికే అచ్చింది. తెలంగాణ అచ్చినట్టే. ఓ స్రవంతీ, గా పసుపు డబ్బ తే. కొబ్బరికాయున్నదా సూడు."

వంట నడుస్తుంది కదా, పసుపు ఎందుకు లేకుండ ఉంటది. నిమ్మకాయలు గూడ ఉన్నయ్. కాయ అయితే ఎవలో పక్క దుకాణంల నుంచి తెచ్చిన్రు.

"అమ్మా, ఆగు, ఈ బండి మాది..." అని బాపు తలుపు తీసి దిగబోయిండు. మోకాలు డాష్‌బోర్డు కింద ఇరుక్కుంది. లాగుతుండు, వస్తలేదు. నేను అవతల పక్కకు దిగుదామంటే ఇమ్రాన్ అన్న తలుపు కాడ అడ్డం ఉన్నడు. దిగుమంటే "ఔ మేడమ్, దిగుతున్న" అంటుండు గని ఆయన దిగుడు ఎంత నిమ్మలమో ఏం చెప్పాలె.

బాపు కాలు బయటికొచ్చేవరకు కాయ పగిలింది.

నాయనమ్మ బానెట్‌కు బొట్టు పెట్టింది. గాడనే ఆగలే. తలుపుల నుంచి లోపటికి వంగి తడి పసుపు చేత్తోని డాష్‌బోర్డు మీద అయిదు ఏళ్ళ అచ్చు ఒత్తింది. నా సాఫ్ట్ టచ్ మీద. క్రీం కలర్ మీద. ఒకటి సరిపోదన్నట్టు ఇంకోటి ఒత్తింది. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి "ఎక్కియ్యి బిడ్డా" అన్నరు. డప్పులోళ్ళు మా బండి చుట్టు తిరిగిన్రు. ఒక పిలగాడు పెయింట్ డబ్బతోని వచ్చి, షోరూం వాళ్ళ నంబర్ ప్లేట్ మీద ఏపీ కొట్టేసి టీజీ అని రాసిండు. మంది చప్పట్లు. బాపు చేతుల కిచిడి ప్లేటు పెట్టిన్రు. పాపం, తింటుండు మనిషి. ఏం చేస్తడు.

ఇమ్రాన్ అన్న ఒక పక్కకు పోయి ఫోన్‌ల మాట్లాడుతుంటే ఇన్న. "ఔ సార్, డెలివరీ అయిపోయింది. పూజ గూడ అయింది. లేదు సార్, మనం కాదు, కస్టమర్లే చేసుకున్నరు."

మంది బండిని ఇడిచిపెట్టినంక నేను ఏడుపు మొకంతోని అన్న, "బాపూ, నిజం చెప్పి వాపస్ ఇద్దాం. నేనే చెప్త, తప్పు నాదే అని చెప్త."

బాపు బండి నడుపుకుంట అన్నడు, "కాయ కొట్టినంక, గంత మంది చేత బొట్టు పెట్టిచ్చుకున్నంక, మాది కాదంటే ఎట్ల బిడ్డ? రేపు గా ముసలమ్మకే నేను టమాట అమ్మాలె." తర్వాత క్లచ్ తొక్కి "స్స్" అన్నడు.

ఇమ్రాన్ అన్న జేబుల నుంచి రుమాలు తీసి డాష్‌బోర్డు తుడిచి చూసిండు. పసుపు ఇంకింత పరుచుకున్నది. "మంచి ప్లాస్టిక్ మేడమ్" అన్నడు, "రంగు మంచిగ పట్టుకుంటుంది."

షోరూంల లోన్ కాయిదాల మీద సంతకాలు పెట్టి ఇంటికొస్తే అవ్వ ఖుషీతోని హారతి పట్టింది. నా కన్నతల్లి, ఆమెకు ఏం తెల్వదు కదా. "బొట్టు గూడ పెట్టిచ్చిన్రా, మంచి పని చేసిన్రు" అన్నది. లోపల చెయ్యి పెట్టి "అబ్బ, ఎంత మెత్తగున్నది" అన్నది. నేను బాత్రూంల పోయి తలుపేసుకున్న.

నిన్న బాపు దాన్ని మిరుదొడ్డి దాంక నడిపి వచ్చిండు. ఏడ గూడ గేరు తప్పలేదు, బండి బ్రహ్మాండంగ ఉరికిందన్నడు. దిగనీకి మాత్రం అవ్వ భుజం పట్టుకున్నడు. అవ్వ మోకాళ్ళకు వేడినీళ్ళ బట్ట కట్టింది. నేను తిడ్తడేమోనని పక్కన నిలబడ్డ. తిట్టు బాపూ అని అడిగిన గూడ. తిట్టలే. నా కాళ్ళ దిక్కు చూసిండు. చానా సేపు చూసిండు.

"నువ్వు పొట్టిగున్నవ్. ఆ సీట్ల మంచిగ పడ్తవ్" అన్నడు.

నాకు అర్థం కాలే.

"వచ్చే నెల పద్దెనిమిది నిండుతయ్ కదా. లైసెన్స్ తీస్కో. అప్పటిదాంక నేను ఎట్లనో నడుపుత, నువ్వు పక్కన కూసోని సూసి నేర్సుకో. గంపలు ఎత్తుడు గూడ నేర్సుకో. కాలేజ్ ఎట్లాగు బంద్ ఉన్నది, తెరిస్తే పొద్దుగాల లోడు ఏసొచ్చి పోదువు."

నవ్వులాటకు అన్నడనుకున్న. నవ్వుతలేడు. అవ్వ గూడ "మంచిగుంటది" అన్నది.

ఇయ్యాల కోడి కూయకముందే లేపిండు. టమాట గంపలు ఎత్తి ఎత్తి చేతులు పడిపోయినయ్, గందుకే ఇన్ని స్పెల్లింగ్ తప్పులు. స్రవంతి మార్కెట్ల నన్ను చూసింది. చెయ్యి ఊపింది, గంతే. గది ఇంకా ఘోరం.

సరే, బాపు పిలుస్తుండు, రేపటికి గంపలు కడగాలెనట. మీల ఎవలింట్లనన్న బండి కొంటే, ఇంటీరియర్ గురించి ఏం డౌట్ ఉన్నా నన్ను అడుగుర్రి. నేను బండి లోపట్నే ఉంటా.