చుక్కకీ చుక్కకీ మధ్య

ఆమె గ్యాసు కట్టేశాక మళ్లీ వెనక్కొచ్చి చూస్తుంది. తాళం వేశాక గుంజి చూస్తుంది. రోగులకు మందు చుక్కలుగా ఎక్కించే పంపుకి ప్రోగ్రాం రాయడం ఆమె ఉద్యోగం. ఈమధ్యే నేర్చుకుని అందులో రెండు థ్రెడ్లు, అంటే ఒకేసారి పక్కపక్కన నడిచే రెండు పనులు, పెట్టింది. ఒకటి చుక్కలు లెక్కపెడుతుంది. చుక్క ఆగిందంటే రెండోది ఆ క్షణమే అలారం మోగించాలి. కానీ ఎప్పుడో ఒకసారి రెండూ ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ బిగుసుకుపోయేవి. అలారం మోగేది కాదు. ఎక్కడ ఆగుతోందో పట్టుకుందామని, తెరమీద ఒక మాట చూపించే లైను మధ్యలో రాసింది. దాంతో ఒక థ్రెడ్డు రవ్వంత వెనకబడి, రెండూ ఒకదానికొకటి అడ్డుపడక, తప్పు మాయమైంది. లైను తీసేస్తే మళ్లీ ప్రత్యక్షం!

"ఆ లైను ఉంచెయ్యమ్మా, పనిచేస్తోందిగా!" అన్నాడు మేనేజరు.

"తప్పు పోలేదు సార్, దాక్కుంది."

"దాక్కోనీ."

లైను ఉండిపోయింది, పంపులు ఆసుపత్రులకు వెళ్లిపోయాయి. కొన్నాళ్లకు ఆమె చెల్లెలికి ఆపరేషనైంది. మంచం పక్కన అదే పంపు.

"అలా గుడ్లప్పగించి చూస్తావేంటక్కా? కాసేపు నడుం వాల్చరాదూ," అంది చెల్లెలు నీరసంగా.

"నువ్వు పడుకో, నేనున్నాగా," అంది అక్క. చుక్క పడ్డప్పుడల్లా ఊపిరి పీల్చుకుని, తరవాతి చుక్క దాకా బిగబట్టుకుని కూర్చుంది.