స్పాంజి పరుపు

వేలూరు దగ్గర గుడియాత్తంలో బస్సు సీట్లు కుట్టే షెడ్డులో పని నాది. ఆయుధపూజ రోజు కుట్టుమిషన్లకు చందనం, కుంకుమ పెట్టి, మరమరాలు పంచాక, పాత సీట్లలోంచి పీకిన స్పాంజి ఎవరికి కావలసినంత వాళ్లు మూటకట్టుకుపోవచ్చు. అది మా షెడ్డు ఆనవాయితీ. ఒక ఏడు నేనూ పెద్ద మూట మోసుకొచ్చి, పాత చీరలో కూరి, నా కూతురికి పరుపు కుట్టాను. కుట్టినందుకు చాలా రోజులు మురిసిపోయాను.

ఏడాది తిరక్కుండానే స్పాంజి పొడిపొడిగా రాలసాగింది. ఫ్యాను వేస్తే ఇల్లంతా పసుపు రంగు నూక. నా భార్య రోజూ తడిగుడ్డతో తుడిచేది, ఇక పారేద్దామనేది. నేను తెచ్చినదాన్ని పారేయమనడం నాకు చిన్నతనంగా తోచేది. పాప దాని మీదే బోర్లా పడుకొని చదువుకునేది, ఆ చేతులతోనే మురుకులు తినేది.

రెండో తరగతికి వచ్చేసరికి పాప నీరసపడింది. ఎత్తు పెరగలేదు, మధ్యాహ్నానికే కళ్లు మూతలు పడేవి. నేను అందరి ముందూ సోమరిపోతు అన్నాను. తల్లి గారాబం వల్లే ఇలా అయిందనీ అన్నాను. ఆ తల్లే పట్టుబట్టి వేలూరు ఆసుపత్రికి బయలుదేరదీసింది. నేను వెంట వెళ్లాను, అంతే.

రక్తపరీక్షలో థైరాయిడ్ పనితీరు తగ్గి, హద్దు మీద ఉందని తేలింది. మూడు నెలల తర్వాతా అలాగే ఉంటే రోజూ మాత్ర వేయాలంది డాక్టరమ్మ. నేను చేసే పనేమిటో తెలుసుకొని, ఇంట్లో పాత స్పాంజి ఏమైనా ఉందా అని అడిగింది. నిప్పు అంటుకోకుండా స్పాంజిలో కలిపే రసాయనాలు దుమ్ములో చేరతాయట, ఒంట్లో హార్మోన్ల పనికి అడ్డుపడగలవట. నేల మీద ఆడుకునే పిల్లల నోట్లోకి ఆ దుమ్ము ఎక్కువగా పోతుందట. నేను లేదన్నాను. నా భార్య నావైపు చూసి ఊరకుంది.

బస్టాండుకు వచ్చాక, ఎందుకు మాట్లాడలేదని ఆమెను అడిగాను.

"నేను చెప్పింటే నువ్వు మొహం యాడ పెట్టుకుంటావు? నువ్వు తెచ్చిన సింహాసనం ఇంట్లోనే ఉండాది గదా. నువ్వే పోయి చెప్పు. బిడ్డను పెట్టుకోని నేను ఈడనే కూర్చుంటా" అనింది.

వెనక్కి నడిచాను. మళ్లీ వరసలో నిలబడి, లోపలికి వెళ్లి, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. డాక్టరమ్మ కోప్పడలేదు. ఆ దుమ్మే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేరని, అయినా అది ఇంట్లో ఉండకూడదని అంది. పరుపు తీసేయమంది, తడిగుడ్డతో తుడవమంది, తినే ముందు పాప చేతులు కడిగించమంది. తడిగుడ్డ సంగతి మా ఇంట్లో ఒకరికి ఎప్పటినుంచో తెలుసు.

ఆ సాయంత్రమే పరుపును సంచుల్లో మూటకట్టి మునిసిపాలిటీ బండికి ఇచ్చేశాను. పాపకు కోరచాప పరిచాం.

మూడు నెలల తర్వాత పరీక్ష మామూలుగా వచ్చింది. మాత్ర అక్కర్లేదంది డాక్టరమ్మ, అప్పుడప్పుడూ చూపిస్తే చాలంది. దుమ్ము పోవడం వల్లో, మరి దేనివల్లో నాకు తెలియదు. ఆమెకు చేతులెత్తి మొక్కాను. భార్యకు ఏం చెప్పాలో తెలియక, మరుసటి రోజు తడిగుడ్డ నేనే అందుకున్నాను. మూలలు వదిలేస్తున్నానని ఆమె నవ్వింది.

ఇప్పుడు నేను పని నుంచి వచ్చేసరికి, షెడ్డు దుమ్ము లోపలికి రాకుండా పాప పరుగెత్తుకొచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడుతుంది.

"చొక్కా ఈడనే విప్పు నాయనా. కాళ్లు కడిగినావా?"

ఒక రోజు, కడక్కుండానే కడిగానన్నాను. వంగి నా మడమలు చూసి, "అబద్ధం" అని చెంబు చేతికిచ్చింది. తీసుకున్నాను.